కిటికీ వెలుగులో ఒక చిత్రకారిణి



న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇంచుమించు నిలువెత్తు తైలవర్ణ చిత్రం ఒకటి ఉన్నది. తెల్లని దుస్తులలో ఒక బాలిక కిటికీ చెంత కూర్చుని, ఒడిలో పలక వంటి అట్టను ఆనించుకుని బొమ్మ గీస్తున్నది. వెలుగు వెనుక నుంచి వచ్చి శిరోజాల అంచులను బంగారంగా మెరిపిస్తున్నది. ముఖం మాత్రం పలుచని నీడలో ఉన్నది. ఆమె చూపు సూటిగా మనపైనే నిలిచినది; గీస్తున్నది మన బొమ్మనేమో అనిపిస్తుంది! కిటికీ అద్దమొకటి పగిలి ఉన్నది. ఆ పగులును దాచక చిత్రించిన చేతిని మెచ్చుకోవలసిందే.

ఆ బాలిక పేరు షార్లొట్ దు వాల్ దోన్య్. 1801లో పారిస్‌లో ఈ చిత్రం ప్రదర్శితమయ్యే నాటికి ఆమెకు పదిహేనేండ్లు. ఆ గది లూవ్ర్ భవనంలో మహిళలు చిత్రకళను అభ్యసించిన చోటని ఇటీవలి పరిశోధకులు గుర్తించారు.

చిత్రంపై సంతకం లేదు. చిరకాలం దీనిని మహాచిత్రకారుడు జాక్ లూయీ దవీద్ కృతిగా భావించారు. 1917లో మ్యూజియంకు చేరినదీ ఆ పేరుతోనే. 1951లో చార్లెస్ స్టెర్లింగ్ అనే పండితుడు ఒక చిన్న సంగతి గమనించాడు: ఈ చిత్రమున్న 1801 నాటి ప్రదర్శనలో దవీద్ పాల్గొననే లేదు! కాన్‌స్టాన్స్ షార్పాంతియే అనే మహిళ దీనిని చిత్రించి ఉండవచ్చునని ఆయన సూచించాడు. అంతే, అంతవరకు మహాద్భుతమైన చిత్రంలోనే స్త్రీసహజమైన సౌకుమార్యమూ, అవయవ నిర్మాణంలో లోపాలూ కనిపించసాగాయి. కాన్వాసుపై ఒక్క గీత కూడా మారలేదు సుమా!

1996లో మార్గరెట్ ఓపెన్‌హైమర్ అనే పరిశోధకురాలు దీనిని మరీ దెనీజ్ విలేర్ కృతిగా నిర్ధారించినది. మ్యూజియం నేడు ఆ పేరునే పేర్కొంటున్నది. 1774లో జన్మించిన విలేర్ తోబుట్టువులలోనూ చిత్రకారిణులున్నారు. ఆమెవిగా నేడు తెలిసినవి కొద్ది చిత్రాలే. మన ఇండ్లలో ఆడపిల్ల గీసిన బొమ్మ క్రింద పేరు వ్రాయించే తల్లిదండ్రులెందరో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

ఇక షార్లొట్ మాట. వివాహమైన తరువాత ఆమె చిత్రకళను వృత్తిగా చేపట్టలేదు. 1868లో మరణించినది. పారిస్‌లోని ప్రభుత్వ లలితకళా విద్యాలయం బాలికలకు ప్రవేశం కల్పించినది 1897లో.