ముందు తెలిసినవారు, వెనుక తెలిసినవారు

(కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



షేర్ల మాట ఎత్తగానే మనలో చాలమంది అది ధనికుల గొడవ అనుకొందురు. మేమును చాలకాలము అట్లే అనుకొంటిమి.

తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. అది నడచినంతకాలము బజారు ధరల సమాచారము వర్తకునికంటె ముందు మన టెలిగ్రాఫిస్టు చెవిని పడెడిది. దానితో అతడు సొంత వ్యాపారము చేయరాదు. చేసినచో ఉద్యోగము పోయెడిది. నేటికిని కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి (1964)లోని 16వ నియమము, రైల్వే ఉద్యోగుల నియమావళి (1966)లోని 16వ నియమము మనలను షేర్లలో సట్టా ఆడరాదని శాసించుచున్నవి. మాటిమాటికి కొనుట, అమ్ముట కూడ సట్టాయేనని వివరణ సైతము ఉన్నది.

అయితే 2004 జనవరి 1 నుండి చేరిన మన సోదరుల జీతములలో కోసిన పింఛను సొమ్ము కొంత ఆ షేర్ల బజారుకే పోవుచున్నది. మనము పోరాదు, మన సొమ్ము పోవచ్చును! కనుక ఒక కంపెనీ లోపలి సంగతి ఎవరికి ముందు తెలియుచున్నది, తెలిసినవారు ఏమి చేయుచున్నారు అన్నది మన పింఛను ప్రశ్న కూడ.

ఇంకను లోకమునకు వెల్లడి కాని సంగతి, వెల్లడి అయినచో ధరను మార్చగల సంగతి, కంపెనీ లోపలివారికి తెలిసి, దానినిబట్టి వారు షేర్లు అమ్ముటనో కొనుటనో ఇన్‌సైడర్ ట్రేడింగ్ అందురు. అమ్మినవానికి తప్పిన నష్టము కొన్నవాని నెత్తిన పడును. మన దేశములో సెబీ దీనిపై 1992లో నిబంధనలు చేసి, 2015లో వాటి స్థానమున కొత్తవి తెచ్చినది. చట్టము ఉన్నంత మాత్రమున పని తేలిక కాదనుటకు ఐరోపాలోని ఒక విమాన కర్మాగారపు కథ చాలును.

ఇప్పటి ఎయిర్‌బస్ సంస్థకు ఆనాడు ఇ.ఎ.డి.ఎస్. అని పేరు. ఎ-380 అను రెండంతస్తుల మహావిమానమును అది నిర్మించుచుండెను. ఒక్కొక్క విమానములో సుమారు 530 కిలోమీటర్ల విద్యుత్ తీగ. జర్మనీలోని హాంబర్గులో తయారైన తీగల కట్టలు ఫ్రాన్సులోని తులూజులో బిగించబోగా చాలలేదు. రెండుచోట్ల నమూనాలు గీసిన కంప్యూటరు పద్ధతి ఒకే తరమునకు చెందినది కాదు. తీగ చేతబట్టి నిలబడిన పనివానికి ఆ సంగతి అర్థమగుటకు ఏ ప్రకటనయు అక్కరలేదు.

2006 మార్చిలో సంస్థ ఇరువురు అధిపతులలో ఒకరైన నోయెల్ ఫోర్జార్ తన షేర్లు అమ్మిరి. లాభము సుమారు 25 లక్షల యూరోలు. ఏప్రిల్‌లో పెద్ద వాటాదారులైన లగార్దేర్, డైమ్లర్ సంస్థలు చెరి 7.5 శాతము వాటాను అమ్మకమునకు పెట్టినవి. లగార్దేర్ వాటాలో కొంత, అనగా సంస్థలో 2.25 శాతము, కొన్నది ఎవరు? ఫ్రెంచి ప్రభుత్వ ఆర్థిక సంస్థ కెస్ దె దెపో. అక్కడి తపాలా పొదుపు పుస్తకములలోని ప్రజల సొమ్మును కాపాడు సంస్థ అదియే. ఈ వాటాలు ఆ పొదుపు సొమ్ముతోనే కొన్నారని మేము అనుట లేదు. నష్టము ప్రజాసంస్థపై పడినదని మాత్రమే అనుచున్నాము.

జూన్ 13న విమానములు మరి ఆరేడు నెలలు ఆలస్యమగునని ప్రకటన వెలువడినది. మరునాడు ఒక్కరోజున షేరు 26 శాతము కూలినది. జూలైలో ఫోర్జార్ రాజీనామా చేసిరి. పోవునప్పుడు ఆయనకు ముట్టినది సుమారు 85 లక్షల యూరోలు. 2007 ఫిబ్రవరిలో పది వేల ఉద్యోగముల కోత ప్రకటించిరి. ఆ ఏప్రిల్‌లో తులూజు కార్మికునికి లాభములలో వాటా క్రింద చూపిన మొత్తము 2 యూరోల 88 సెంట్లు. అక్కడివారు పని ఆపి బయటకు వచ్చినారనిన ఆశ్చర్యమేమున్నది?

ఇక న్యాయము సంగతి. ఫ్రాన్సు మార్కెట్ల నియంత్రణ సంస్థ విచారించి, 2009 డిసెంబరులో ఈ అమ్మకములపై అభియోగములనుండి అందరినీ విముక్తులను చేసినది. ఫోర్జార్ మొదటినుండి ఆరోపణను నిరాకరించినారు. ఆయన దోషియని ఏ న్యాయస్థానమును తీర్పు చెప్పలేదు. ఆ మాట మనము ఖచ్చితముగా చెప్పుకొనవలెను. 2014 అక్టోబరులో క్రిమినల్ విచారణ మొదలైనది. ఒకే విషయమై రెండుసార్లు విచారింపరాదని ముద్దాయిల న్యాయవాదులు వాదించిరి. 2015 మార్చి 18న రాజ్యాంగ మండలి ఆ వాదమును అంగీకరించినది. మే నెలలో పారిస్ న్యాయస్థానము కేసు మూసివేసినది.

రెండుమార్లు శిక్షింపరాదను సూత్రము మనకును రక్షణయే. శాఖాపరమైన చర్యలలో దానికై మనము ఎన్నిసార్లు వాదించలేదు! కాని 2006 మార్చిలో ఎవరికి ఎంత తెలియునను ప్రశ్న బహిరంగ న్యాయస్థానములో సాక్షుల ఎదుట తేలకుండగనే తొమ్మిదేండ్లు గడచినవి. ఆ తీగలు పొట్టివని ముందుగా చూచిన పనివాడు అప్పటికి ఏ షేరును అమ్మలేదు, అమ్ముటకు అతనియొద్ద ఉన్నవో లేవో కూడ ఎవరును అడుగలేదు.