థైరాయిడ్ రిపోర్టు చదవడం ఎలా?



ల్యాబులో పనిచేసే నన్ను చాలామంది అడిగేది ఇదే: "టీఎస్‌హెచ్ పెరిగిందట, థైరాయిడ్ ఎక్కువైందా?" సాధారణంగా దానర్థం ఎక్కువైందని కాదు, తక్కువైందని.

టీఎస్‌హెచ్ మెదడు కిందనున్న పిట్యూటరీ గ్రంథి పంపే ఆజ్ఞ. పిల్లవాడు మందకొడిగా ఉంటే సారు గొంతు పెంచినట్టే, మెడలోని థైరాయిడ్ గ్రంథి టీ3, టీ4 హార్మోన్లు తక్కువగా చేస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అవి ఎక్కువైతే తగ్గుతుంది.

పెద్దవాళ్లకు టీఎస్‌హెచ్ సుమారు 0.4 నుంచి 4 వరకు ఉండాలి. ల్యాబును బట్టి ఈ హద్దులు కొంత మారతాయి. మీ రిపోర్టులో అచ్చువేసినవే చూసుకోండి. టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి టీ4 సరిగా ఉంటే అందరికీ వెంటనే మందు అక్కరలేదు. డాక్టరు కొన్నాళ్లాగి మళ్లీ పరీక్ష చేయిస్తారు.

మందు వాడేవాళ్లకు ఒక మాట. నార్మల్ వచ్చిందని గోళీ మానేయకండి. గోళీ వల్లనే నార్మల్ వచ్చింది. పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా చాయ్ కూడా తాగకండి. ఐరన్, కాల్షియం గోళీలకు 4 గంటల ఎడం ఉండాలి. మోతాదు మారిస్తే 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

గర్భిణులకు హద్దులు వేరు. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదిగేది తల్లి హార్మోనుతోనే. నెల తప్పగానే డాక్టరుకు చెప్పండి, మందు మాత్రం ఆపకండి.

మహబూబాబాద్‌లో 2021లో తెలంగాణ డయాగ్నోస్టిక్స్ కేంద్రం మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రి ద్వారా వెళ్తే పరీక్ష ఉచితం. పాత రిపోర్టులు పారేయకుండా కొత్తదానితో కలిపి చూపండి. ఒక్క పరీక్ష మార్కులతో పిల్లవాణ్ణి అంచనా వేయరని మన సార్లకు తెలుసు కదా!