పేరు రాయడమా, దాచడమా?
(విశాఖపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరోనా కాలంలో రేవు దగ్గరి బస్తీలో బొమ్మల ప్రదర్శన పెట్టామంటే, "తిండికే లేనప్పుడు బొమ్మలెందుకు?" అని చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అందుకే మా అనుభవాన్ని మీ ముందు పెడుతున్నాను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. పాచిపనికి వెళ్లే ఆడవాళ్లను అపార్ట్‌మెంట్ల గేటు దగ్గరే ఆపేశారు. చేపలమ్మే వాళ్ల గంపలు ఖాళీ అయ్యాయి. మే 4న మద్యం దుకాణాలు మాత్రం తెరిచారు. మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. ఇల్లు కదలొద్దని చెబుతున్న రోజుల్లోనే ఆ చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలి పరుగులు తీశారు.

మరికొందరికి ఇల్లే భయం. జాతీయ మహిళా కమిషన్‌కు ఆ మార్చి మొదటి వారంలో 116 ఫిర్యాదులు వస్తే, చివరి వారంలో 257 వచ్చాయి. ఫోను భర్త జేబులో ఉంటే ఫిర్యాదు ఎలా చేస్తారు? మేం సర్వే ఫారాలతో వెళితే "అంతా బాగానే ఉందమ్మా" అన్నారు. వాళ్లకే కాగితాలు, రంగులు ఇచ్చాం. రేషన్ క్యూ పక్కనే మద్యం దుకాణం క్యూ గీశారు. గేటు బయట నిలబడ్డ పనిమనిషిని గీశారు. ఒకామె గడియపెట్టిన తలుపు మాత్రమే గీసింది.

2021 సంక్రాంతికి ప్రదర్శన పెట్టాం. హాల్లో గాలి ఆడదు కనుక వద్దనుకున్నాం. ఆన్‌లైనూ వద్దనుకున్నాం, ఉన్న ఒక్క ఫోనూ పిల్లల క్లాసులకే చాలదు. వీధిలోనే దండేలు కట్టి క్లిప్పులతో బొమ్మలు తగిలించాం. పాతచీరల బొంతలు పరిచాం, ముగ్గులు వేశాం. కుళాయి నీళ్ల వేళ, వంట వేళ తప్పించి, మాస్కులతో ఒక వైపు నుంచి వచ్చి మరో వైపు వెళ్లేలా చూశాం.

ఎవరి బొమ్మ వాళ్ల గుమ్మం ముందు పెడదామన్నారు కొందరు. తలుపు గీసినామె ఒప్పుకోలేదు. "మీరు చూసి మెచ్చుకుని పోతారు. రాత్రికి ఆ ఇంట్లో ఉండేది నేను" అంది. దాంతో బొమ్మలన్నీ కలిపేసి, ఎవరి బొమ్మా వాళ్ల గుమ్మం ముందు లేకుండా కట్టాం. పేరు రాయాలా వద్దా అన్నది గీసినవాళ్లకే వదిలాం. చేపలమ్మే ఒకామె తన పేరు అందరికంటే పెద్దక్షరాలతో రాసింది. కొందరు రాయలేదు. పేరు పెట్టుకోవడం ఎంత హక్కో, దాచుకోవడమూ అంతే హక్కు.

డబ్బిస్తామన్న ఒక దాత, ఆడవాళ్లు తన బ్యానరు కింద బొమ్మలు పట్టుకుని ఫొటో దిగాలన్నాడు. కూర్చుని మాట్లాడుకుని వద్దన్నారు. ఆ డబ్బు పోయింది, చందాలు వేసుకున్నాం.

ఇంకో మాట, కూలి గురించి. 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుతామంది. వాటిని కుట్టినవాళ్లలో పొదుపు సంఘాల ఆడవాళ్లున్నారు. ఏ మాస్కు మీదా ఎవరి పేరూ లేదు. ఆడవాళ్ల చేతిపనిని మనమూ ఊరికే తీసుకోకూడదని, గీసిన రోజులకు రోజుకూలి లెక్కకట్టి ఇచ్చాం.

ప్రదర్శన తర్వాత ఇద్దరు మాతో విడిగా మాట్లాడారు. ఒకామె 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి దగ్గరికి వెళ్లింది. రెండో ఆమె ఇప్పుడే వెళ్లనంది. అది ఆమె నిర్ణయం, మేం తొందరపెట్టలేదు.

మీ బస్తీల్లో ఇలాంటివి పెడితే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: గీసినామెకు కూలి ఎంత, పేరు రాయాలో వద్దో చెప్పేదెవరు, ప్రదర్శన ముగిసిన రాత్రి ఆమెకు తోడెవరు. 181 నంబరు ప్రతి దండెం చివర రాసి పెట్టండి. బొమ్మలెందుకన్న ప్రశ్నకు జవాబు మీ బస్తీ ఆడవాళ్లే చెబుతారు.