కొత్త గది సరే, పాత కప్పు మాటేమిటి?

 

నాది సాఫ్ట్‌వేర్ పని. అందులో ఓపెన్ సోర్స్ అని ఒక పద్ధతి ఉంది. ప్రోగ్రాం ఎలా రాశారో అందరూ చూడవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. సిలికానాంధ్ర వారు అందించిన మండలి, గిడుగు, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు అలాంటివే. "ఊరికే ఇస్తే రాసేవాళ్లకు కూడెట్లారా?" అని మా అమ్మ అడిగేది. "బోరుకు చందా వేసుకున్నట్టేనమ్మా" అనేవాణ్ణి. 2002లో బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌ను అందరిదీ చేయడానికి, ఏడు వారాల్లో లక్ష యూరోల చందా పోగైంది.

మేమూ ఒకసారి చందా వేశాం. మాకు కావలసిన సదుపాయం ఒక ప్రోగ్రాంలో లేదు. నాలుగు సంస్థలం కలిసి, దాన్ని రాసే కుర్రాడికి డబ్బిచ్చాం. మూణ్ణెల్లలో చేసిపెట్టాడు. రెండేళ్లకు ప్రోగ్రాం మారింది, మా సదుపాయం ఆగిపోయింది. అతణ్ణి అడిగితే, "సార్, రాసినందుకు డబ్బిచ్చారు. ఆ తర్వాత మీవాళ్లు చెప్పిన తప్పులన్నీ రాత్రిళ్లు కూర్చుని ఊరికే దిద్దాను. ఇక నావల్ల కాదు" అన్నాడు. నాకు సిగ్గేసింది. ఆ రెండేళ్లలో అతని సంగతి ఒక్కసారైనా ఆలోచించలేదు.

పెద్దవాళ్లూ ఇదే తప్పు చేశారు. ఇంటర్నెట్‌లో మన పాస్‌వర్డులను కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. లోకమంతా వాడే ఆ సాఫ్ట్‌వేర్‌కు అప్పటిదాకా ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం పనిచేసేది ఒక్కడే మనిషి. లోపం బయటపడ్డాకే పెద్ద కంపెనీలు కలిసి నిధి పెట్టాయి.

యర్రగొండపాలెం వాళ్లకు ఇది నేను చెప్పాలా? కొత్త బోరు వేస్తామంటే చందాలు వస్తాయి, కొబ్బరికాయ కొడతాం. మోటారు కాలిన రోజు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం.

ఈ స్వర్ణోత్సవానికి కొత్త గది కట్టాలనుకుంటున్నాం. కట్టాల్సిందే. నా మనవి ఒక్కటే. వచ్చే ప్రతి నూరు రూపాయల్లో ఇరవై పక్కన పెట్టి బ్యాంకులో వేద్దాం. కప్పు కారినా, మోటారు కాలినా, కంప్యూటరు చెడినా ఆ వడ్డీతో బాగుచేయిద్దాం. నా విరాళం మొత్తం ఆ ఇరవైలోకే వేయండి. శిలాఫలకం మీద నా పేరు అక్కర్లేదు.

సెలవు.