పాటకు పెట్టిన ముద్ద
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

  

ఇందాక మన పిల్లలు గిటారు, డ్రమ్స్ పెట్టుకుని పాడుతుంటే వెనక వరుసలో ఎవరో "పాటలు కూడు పెడతాయా?" అన్నారు. నా నాలుగు మాటలూ ఆ ప్రశ్న గురించే.

క్వీన్ అనే రాక్ బ్యాండు లీడ్ సింగర్ ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్సీ బిడ్డ. అసలు ఇంటిపేరు బల్సారా. మహారాష్ట్రలోని పంచగనిలో హాస్టల్లో ఉండి చదివాడు. అక్కడే పియానో నేర్చుకున్నాడు, తోటి పిల్లలతో కలిసి 'హెక్టిక్స్' అని బ్యాండు కట్టాడు. 1985లో లండన్ వెంబ్లీ స్టేడియంలో వేలమంది చేత గొంతు కలిపించిన ఆ మనిషికి తొలి వేదిక బడే.

మరి అలాంటి బడి దొరకనివాడి సంగతి? అది తెలియాలంటే మన గుడివాడ ప్రాంతానికి వస్తే చాలు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న చౌటపల్లిలో పుట్టారు. తండ్రి తరంగాలు పాడుతుంటే పసివాడుగా నాట్యం చేసేవారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. సంగీతం కోసం విజయనగరం చేరితే పట్రాయని సీతారామశాస్త్రి గారు విద్య చెప్పారు. కడుపు కోసం మాత్రం జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తారు.

1942 ఉద్యమంలో జైలుకెళ్ళారు. తర్వాత మద్రాసు చేరి, తలదాచుకునే చోటు లేక పానగల్ పార్కులో పడుకున్నారు. 1949లో 'మనదేశం' చిత్రానికి సంగీతం చేశారు. మన పక్కనున్న నిమ్మకూరు నుంచి వెళ్ళిన రామారావు గారు తొలిసారి తెరపై కనిపించింది ఆ చిత్రంలోనే. ఆ తర్వాత 'పాతాళభైరవి', 'మాయాబజార్'. 1970లో పద్మశ్రీ. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసేనాటికి ఆయన వయసు 51 ఏళ్ళే. ఆయన పాడిన భగవద్గీత రికార్డు ఆ తర్వాతే విడుదలై ఇంటింటా మోగింది.

రాక్ గాయకుడు జనం ఎదుట నిలబడి పాడతాడు. సినిమా గాయకుడు తెరమీద మరొకరి పెదవుల వెనక ఉంటాడు. ఎక్కడున్నా, గొంతు పండే వరకు దాన్ని ఎవరో ఒకరు సాకాలి. విజయనగరంలో ముద్ద వేసిన ఇల్లాళ్ళు ఆ కుర్రాడు రేపు ఏమవుతాడో తెలిసి వెయ్యలేదు. ఆకలితో వచ్చాడని వేశారు, అంతే.

కనుక పాట కూడు పెడుతుందా అన్నది తర్వాత మాట. ముందు పాటకు మనం కూడు పెడుతున్నామా?

స్వర్ణోత్సవ గుర్తుగా ముఖద్వారం కట్టాలని ప్రతిపాదన ఉంది. కట్టండి, కాదనను. కానీ వసూలైన సొమ్ములో ఒక వంతు సంగీతం మాస్టారి జీతానికి, ఒక హార్మోనియానికి, సాయంత్రం ఆగి నేర్చుకునే పిల్లల టిఫినుకు పక్కన పెట్టండి. నా వంతుగా మొదటి ఏడాది టిఫిను ఖర్చు నేను భరిస్తాను.