కెమెరాకు అప్పగించిన అమానతు



2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో పేలుడు సంభవించి, పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులెందరో అసువులు బాశారు. వార్తల్లో వారు అంకెలుగా మిగిలారు. ఆ పక్కనే ఉన్న ముత్తంగిలో కార్మిక కుటుంబాల మాట వినాలన్న సంకల్పంతో మా విద్యార్థి బృందం ఎనిమిది నిమిషాల లఘుచిత్రం తీసింది.

ఒక ముస్లిం ఇల్లాలు మాట్లాడేందుకు అంగీకరించారు. ముఖం మాత్రం చూపవద్దన్నారు. భర్తది కాంట్రాక్టు కొలువు. నోరు విప్పితే రేపు గేటు దగ్గరే ఆపివేస్తారేమోనన్న భయం. అందుకే ఆమె చేతులను, ఆమె సర్దుతున్న టిఫిను డబ్బాను మాత్రమే చిత్రీకరించాం.

ఆమె దక్కనీ మాటలను తెలుగులోకి మార్చలేదు. తెర అడుగున తెలుగు అక్షరాలు వేశాం. మన సినిమాలు ఆ యాసను తరచుగా నవ్వులాటకే వాడుకున్నాయి. ఇక్కడ అది ఒక తల్లి సాక్ష్యం. చిత్రాన్ని మొదట ఆమెకే చూపించాం. ఆమె సమ్మతించిన తరువాతనే నలుగురి ముందు ప్రదర్శించాం.

బాధితులు మనకు చెప్పిన మాట అమానతు. దానిని కల్తీ చేయరాదు, చెప్పినవారికి కీడు కలిగేలా వాడరాదు. హక్కుల కోసం కెమెరా పట్టే యువతీయువకులారా, ప్రతి దృశ్యానికి ముందు ఒక్కటి అడగండి: దీనివల్ల రేపు నష్టపోయేది ఎవరు?