బాకీ పేర మనిషిని బంధింపరాదు
(మెదకు పట్టణమున గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



మీలో పెక్కుమంది సేద్యము చేయువారు. పొలమునకు జీతగాండ్రను, ఇటుక బట్టీలకు కూలీలను పెట్టుకొనువారును కలరు. ఊరిలో తగవు వచ్చినచో అందరు మీ ముంగిటికే వత్తురు. కనుక పని చేయించుకొనువారు ఎరుగవలసిన చట్టమొకటి మీకు మనవి చేయుచున్నాము.

నిజాము పాలనలో అప్పు తీరువరకు దొర యింట చాకిరి చేయువానిని భాగేలా అనెడివారు. అట్టి ఒడంబడికలను అదుపు చేయుటకు హైదరాబాదు సంస్థానము ఒక శాసనము చేసినది. అయినను ఆ వాడుక పోలేదు. తుదకు 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము దానిని దేశమంతట రద్దు చేసినది.

ఆ చట్టము చెప్పునదేమి? చేబదులిచ్చుట నేరము కాదు. దాని పేర కూలి లేకుండ గాని, నామమాత్రపు కూలికి గాని పని చేయించుట నేరము. వేరొకచోట పనికి పోనీయకుండుట, ఊరు కదలనీయకుండుట, తండ్రి బాకీకి కొడుకును కట్టివేయుట నేరము. అట్టి బాకీ చెల్లదు. దానికై దావా లేదు. అది వెట్టి బాకీ కాదని నిరూపించు భారము అప్పిచ్చినవానిదే. వెట్టి చేయించినవానికి మూడేండ్ల వరకు కారాగారము, రెండువేల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. కనీస వేతనమునకు తక్కువ ఇచ్చి పని చేయించుటయు వెట్టియే యని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఇక పంచాయతీ మాట. జీతగాడు ఉగాదికి ముందుగా సొమ్ము తీసికొని, నాట్ల వేళకు పని మాని పోయినాడనుకొందము. ఆసామి మీ వద్దకు వచ్చి, “వానిని రప్పింపుడు; లేనిచో వాని తమ్ముని పంపింపుడు” అనును. పెద్దమనుషులు అట్లే తీర్మానించి, రాజీ కుదిర్చితిమని తృప్తిపడుదురు. కాని నేరమునకు తోడ్పడినవారికిని ఈ చట్టము సమానమైన శిక్షనే విధించుచున్నది. మంచి తలంపుతో చెప్పిన తీర్పే మిమ్ము దోషులను చేయగలదు.

కావున పనిలో పెట్టుకొన్ననాడే కూలి ఎంతయో వ్రాసికొనుడు. ప్రతి చెల్లింపును పుస్తకమున ఎక్కించి సంతకము గాని వ్రేలిముద్ర గాని తీసికొనుడు. కనీస వేతనమెంతయో కార్మిక శాఖ అధికారి నడిగి తెలిసికొనుడు. పనితో ముడిపెట్టని చేబదులైనచో వసూలునకు సివిలు కోర్టు కలదు. వెట్టి జాడ కనబడినచో రెవిన్యూ డివిజనల్ అధికారికి గాని, కలెక్టరునకు గాని తెలుపుడు. 2016లో మెదకు జిల్లా కేంద్రమైనది గనుక ఇందుకై సంగారెడ్డి వరకు పోనక్కరలేదు.

కూలి ఇచ్చి పనిని పొందవచ్చును గాని, బాకీ ఇచ్చి మనిషిని కొనరాదు. ఈ మాటను మీ గ్రామసభలో చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.